పొద్దు గూకిన పిదప అన్నము తినవచ్చునా?

మలేసియాలోని తెలుగు కుటుంబములలో ఈ మధ్య తరచుగా వినవచ్చు ప్రశ్న ఒకటి కలదు. సాయంకాలము ఒక గంట ఏర్పరచుకొని, ఆ గంట దాటిన పిమ్మట ఏమియు తినకుండుట మంచిదా, కాదా? ఏడు గంటలకు వంటింటి తలుపు మూసివేయవలెనని కొందరందురు. సూర్యాస్తమయమే హద్దని మరికొందరందురు. పని ముగించుకొని తొమ్మిదింటికి ఇల్లు చేరువారు, ఇవి తీరిక గలవారి మాటలని నవ్వి ఊరకుందురు. పెద్దలలో కొందరు, మన తాతలు పొద్దు గూకకముందే తిని పండుకొనిరి గనుకనే వారికి చక్కెర వ్యాధి లేకపోయెనని తీర్పు చెప్పుదురు. ఈ తీర్పులో కొంత నిజము కలదు. కొంత మరపు కూడ కలదు. రెండింటిని వేరుచేసి చూచుటయే ఈ పాఠము యొక్క పని.

ఇది కేవలము అలవాటును గూర్చిన ముచ్చట కాదు. ఈ దేశపు ఆరోగ్య మంత్రిత్వ శాఖవారి జాతీయ సర్వేలో 2019వ సంవత్సరమున, పదునెనిమిదేండ్లు నిండినవారిలో నూటికి 18.3 మందికి మధుమేహము కలదని తేలెను. 2023 సర్వేలో ఆ సంఖ్య 15.6. భారత సంతతివారిలో మాత్రము ఈ భాగము దేశపు సగటుకంటె చాల హెచ్చు. అంకెలు చూడనక్కరలేదు. ఏ గుడి ఉత్సవమునకు పోయినను, అన్నదానపు పంక్తిలో పదిమంది కూర్చున్నచోట పాయసము వద్దని ఆకుపై చేయి అడ్డము పెట్టువారు ఇద్దరు ముగ్గురైనను కనబడుదురు. ఆ చేతులలో నలుబదేండ్లవారి చేతులు కూడ ఉన్నవి.

తోటలలో సాయంకాలము

తాతలు త్వరగా తినిరనుట నిజమే. ఎందుకు తినిరో చూడవలెను.

రబ్బరు తోటలో పని చీకటితోనే మొదలయ్యెడిది. ఎండ ముదిరినకొలది చెట్టునుండి పాలు కారుట తగ్గును గనుక, తెల్లవారకమునుపే పెరట్టుకు పోయి హాజరు పలికి, దీపము చేతబట్టుకొని చెట్లవద్దకు చేరవలసియుండెను. పాలు సేకరించి, తూకము వేయించి, లయములోని ఇంటికి వచ్చుసరికి మధ్యాహ్నము అగును. బాగన్ దాతో వంటి చోట్ల కొబ్బరి తోటలలో పని వేరు, కాని తెల్లవారుజామున లేచుట వేరు కాదు. నాలుగింటికి లేవవలసినవారు ఎనిమిదింటికి పండుకొనక తప్పదు. ఎనిమిదింటికి పండుకొనువారు ఆరింటికి తినక తప్పదు. దీపమునకు కిరసనాయిలు కావలెను. కిరసనాయిలుకు డబ్బు కావలెను. వెలుగుండగనే వండి, వెలుగుండగనే తిని, గిన్నెలు కడుగుకొనుట పొదుపు.

మరియొక కారణము అన్నపు కుండలోనే ఉండెను. రాత్రి మిగిలిన అన్నములో నీరు పోసి ఉంచినగాని ఉదయమున చద్దన్నము లేదు. రాత్రి రెండవమారు, మూడవమారు వడ్డించుకొన్నచో, తెల్లవారుజామున కత్తి పట్టుకొని పోవువానికి కడుపులో ఏమియు ఉండదు. కాబట్టి సాయంకాలపు భోజనమునకు హద్దు గడియారములో లేదు. కుండ అడుగున ఉండెను. ఆ హద్దును కాపాడినది ఇంటి ఇల్లాలు. అందరికి వడ్డించి, చద్దికి తీసిపెట్టి, మిగిలినది తాను తినెడిది. మిగలని దినములు కూడ ఉండెను. తాతల మితాహారమును పొగడునప్పుడు అవ్వల ఆకలిని మరచుట న్యాయము కాదు.

ఇక వారికి చక్కెర వ్యాధి లేదనుట. పరీక్షించినదెవరు? తోట ఆసుపత్రిలో జ్వరమునకు, పుండునకు మందు దొరకెడిదిగాని, రక్తములోని చక్కెరను ఏటేట కొలిచినవారు లేరు. ఎందరు ఏ వ్యాధితో పోయిరో లెక్క లేదు. అయినను వారి దినచర్యలో కొన్ని మేలులుండెనని ఒప్పుకొనవలెను. వందలాది చెట్ల నడుమ నడక, బరువు మోత, ఒకే వేళకు నిద్ర, ఒకే వేళకు మేలుకొనుట, మిఠాయి పండుగలకు మాత్రమే. సాయంకాలము త్వరగా తినుట ఈ మాలలో ఒక పువ్వు. దానిని మాత్రము తెంపి తెచ్చుకొని మాల అంతయు మనదే అనుకొనుట పొరపాటు.

గడియారము కదలినది

ఏడు గంటల తరువాత తినరాదను నియమము వినుటకు స్థిరముగా తోచును. కాని ఈ దేశములో ఏడు గంటలు ఎల్లప్పుడు ఒకచోట నిలువలేదు.

1981 డిసెంబరు 31వ తేదీ రాత్రి పదకొండున్నర కాగానే ద్వీపకల్ప మలేసియాలోని గడియారములను పండ్రెండు గంటలకు జరిపిరి. సబా, సరవాక్ రాష్ట్రములతో ఒకే కాలము ఉండవలెనని చేసిన మార్పు అది. 1982 జనవరి 1వ తేదీనుండి సూర్యుడు మన గడియారమునకు అరగంట ఆలస్యముగా అస్తమించుచున్నాడు. అంతకుముందు కౌలాలంపూరులో ఆరున్నరకు, ఏడింటికి నడుమ పొద్దు గూకెడిది; ఇప్పుడు ఏడింటికి, ఏడున్నరకు నడుమ గూకుచున్నది. కాబట్టి 1970లో ఏడింటికి తినిన తాత చీకటి పడిన పిదప తినెను. నేడు ఏడింటికి తినుచున్న మనుమడు అనేక దినములలో వెలుగుండగనే తినుచున్నాడు. ఇద్దరును ఒకే నియమమును పాటించితిమనుకొందురు.

ఇంతకంటె వింతయైన కాలము మరియొకటి కలదు. 1942 నుండి 1945 వరకు జపానువారి ఏలుబడిలో ఇచ్చటి గడియారములను టోక్యో కాలమునకు మార్చిరి. అనగా గంటన్నర ముందుకు. ఆ మూడున్నర ఏండ్లు గడియారము ప్రకారము పొద్దు గూకునది ఎనిమిదింటికి, ఎనిమిదిన్నరకు నడుమ. తినుటకు కర్రపెండలము దొరికిన దినమే మంచి దినముగా ఉండిన ఆ కాలమున, ఎన్ని గంటలకు తినవలెనను ప్రశ్న ఎవరికిని తట్టియుండదు.

పూర్వికులు విడిచివచ్చిన ఊళ్లను తలచుకొన్నచో మరియొక భేదము తెలియును. విశాఖపట్టణమున మార్గశిర పుష్యములలో సాయంకాలము అయిదుంబావు, అయిదున్నరకే పొద్దు గూకును. ఆషాఢమున ఆరున్నర అగును. భూమధ్యరేఖకు దగ్గరనున్న మలేసియాలో ఋతువులనుబట్టి ఇంత మార్పు లేదు. ఆంధ్రదేశమున అచ్చువేసిన పంచాంగములోని సూర్యాస్తమయ కాలమును కౌలాలంపూరు గోడకు తగిలించుకొని భోజనవేళ నిర్ణయించుకొనుట, పొరుగింటి కొలతలతో మనకు చొక్కా కుట్టించుకొన్నట్లే యగును.

పెద్దల మాట, శాస్త్రము మాట

హిందూ ధర్మము రాత్రి భోజనమును నిషేధించినదని కొందరు ధైర్యముగా చెప్పుదురు. సూర్యాస్తమయమునకు పిమ్మట తినరాదను నియమమును గట్టిగా పట్టినవారు జైనులు. మధ్యాహ్నము దాటిన పిదప ఘనాహారము ముట్టనివారు బౌద్ధ భిక్షువులు. మన ఇండ్లలోని మాట వేరు. అసురసంధ్యవేళ తినరాదు, పండుకొనరాదు, దీపము పెట్టి దేవుని తలచుకొనవలెను అని అవ్వలు చెప్పిరి. అది సంధ్యాకాలపు నిషేధముగాని రాత్రికి నిషేధము కాదు.

వ్రతముల సంగతి ఇంకను ఆసక్తికరము. ఏకభుక్తమనగా పగలు ఒకమారు మాత్రమే తినుట. నక్తమనగా పగలంతయు ఉపవసించి రాత్రి మాత్రమే తినుట. కార్తీక సోమవారములయందు పగలంతయు ఏమియు తినక, దీపము వెలిగించి, నక్షత్రము చూచిన పిమ్మటనే భుజించువారు ఈ దేశమునందును కలరు. పొద్దు గూకిన పిదప తినుటయే పాపమైనచో కార్తీక వ్రతమునకు అర్థమేమి? శనివారపు ఒక్క పొద్దు ఉన్నవారిలోను, పగలు తినువారు కొందరు, రాత్రి తినువారు కొందరు. ఇంటింటికి ఆచారము వేరు. వీటన్నిటిలో సమానమైనది గంట కాదు. ఇంత అని, ఇప్పుడని ముందే నిశ్చయించుకొని దానికి కట్టుబడుట.

ఆయుర్వేదము రాత్రి భోజనము తేలికగా ఉండవలెనని చెప్పును. రాత్రివేళ పెరుగు తినరాదని చరకసంహిత చెప్పుచున్నది. ఈ ఒక్క నియమమును మాత్రము ఏ తెలుగువాడును మనసార అంగీకరించినట్లు కనబడదు. పెరుగన్నము లేనిదే భోజనము ముగిసినట్లు కాదు గదా!

శరీరములోని గడియారము

నేటి విజ్ఞానశాస్త్రము ఈ విషయమున తెలిసికొన్నది స్వల్పము కాదు. ప్రాణులలో పగలు రాత్రులను అనుసరించి నడచు లోపలి గడియారమొకటి కలదు. దాని యంత్రాంగమును జన్యువుల స్థాయిలో వివరించిన ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమతి లభించెను. మెదడులోని ముఖ్య గడియారము వెలుగును చూచి తన ముల్లును సరిచేసికొనును. కాలేయము, క్లోమము మొదలైన అవయవములలోని చిన్న గడియారములు చాలవరకు భోజనమును చూచి సరిచేసికొనును. వెలుగు ఒకటి చెప్పి, అన్నము మరియొకటి చెప్పినచో ఈ గడియారములు పొత్తు తప్పును.

రాత్రి కాగానే నిద్రకు సిద్ధపరచు మెలటోనిన్ అను స్రావము రక్తములో పెరుగును. అది పెరిగినప్పుడు క్లోమమునుండి ఇన్సులిన్ విడుదల తగ్గవచ్చును. ఈ కారణముచేతను, ఇతర కారణములచేతను, ఉదయమున తినిన అన్నమునే అదే కొలతతో రాత్రి తినినచో రక్తములో చక్కెర ఎక్కువగా పెరుగును. 2020లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమువారు ఇరువదిమందికి ఒకే భోజనమును ఒకనాడు సాయంకాలము ఆరింటికి, మరియొకనాడు రాత్రి పదింటికి పెట్టి చూచిరి. నిద్ర రెండు దినములును పదకొండింటికే. పదింటికి తినిన రాత్రి చక్కెర గరిష్ఠముగా పెరిగిన మట్టము సుమారు 18 శాతము హెచ్చు. శరీరము కరగించిన కొవ్వు సుమారు 10 శాతము తక్కువ. వారందరును ఆరోగ్యవంతులని గమనించవలెను.

2012లో కాలిఫోర్నియాలోని సాల్క్ సంస్థయందు సచ్చిదానంద పండా గారి బృందము ఎలుకలపై చేసిన పరిశోధన ప్రసిద్ధము. ఒకే కొవ్వు మేతను ఒక గుంపు రాత్రింబవళ్లు ఇష్టమువచ్చినప్పుడు తినెను. మరియొక గుంపు దినమునకు ఎనిమిది గంటలలోపల మాత్రమే తినెను. తినిన మొత్తము దాదాపు సమానమైనను రెండవ గుంపు లావెక్కలేదు. దీనిని చదివినవారు తమకును ఎనిమిది గంటలే అని గిరి గీసికొనుచున్నారు. అయితే ఎలుకలు నిశాచరములు. వాటికి పెట్టిన ఎనిమిది గంటలును రాత్రివేళవే! ఎలుకకు సరియైన వేళ మనిషికి సరియైన వేళ కాదు. అవి మనకు నేర్పినది గంట కాదు, తమ జాతికి తగిన వేళకు తినుట.

మనుష్యులపై ఫలితములు ఇంత స్పష్టముగా లేవు. 2018లో ప్రకటితమైన ఒక పరిశోధనలో మధుమేహపు అంచున ఉన్న ఎనిమిదిమంది పురుషులు అయిదు వారములు మధ్యాహ్నము మూడింటిలోపల భోజనములన్నియు ముగించిరి. వారి బరువు తగ్గకున్నను ఇన్సులిన్ పనితీరు, రక్తపు పోటు మెరుగుపడెను. ఎనిమిదిమందే అని మరువరాదు. చీనాలోని గ్వాంగ్‌జౌ నగరమున 139 మంది స్థూలకాయులపై ఒక సంవత్సరము జరిపి 2022లో ప్రకటించిన పరిశోధన దీనికంటె పెద్దది. అందరును తిండిని ఒకే కొలతకు తగ్గించిరి. సగముమంది మాత్రము ఉదయము ఎనిమిదినుండి సాయంకాలము నాలుగువరకే తినిరి. వేళ పాటించినవారు సగటున 8 కిలోలు, పాటించనివారు 6.3 కిలోలు తగ్గిరి. ఈ తేడా యాదృచ్ఛికము కావచ్చునని పరిశోధకులు తేల్చిరి.

ఈ రెండు పక్షములను కలిపి చూచినచో తెలియునది ఇది. ఎంత తినుచున్నామనునదే పెద్ద లెక్క. ఎప్పుడు తినుచున్నామనునది చిన్న లెక్క. కాని చక్కెర వ్యాధి గలవారికి, దాని అంచున ఉన్నవారికి చిన్న లెక్కయు లెక్కయే. మరియు ఈ దేశములో ఆ రెండు లెక్కలు తరచుగా ఒకటే యగును. రాత్రి ఎనిమిదింటికి ఇంట అన్నము తినినవాడు పదకొండింటికి మామాక్ కొట్టులో స్నేహితులతో కూర్చొని రెండు రోటీ చనాయ్, ఒక తే తారిక్ పుచ్చుకొనును. అది ఆకలి కాదు, ముచ్చట. చిక్కని తీపి పాలు కలిపిన ఆ టీ యొక్క లెక్క ఎవరును వేయరు. వంటింటికి గంట కట్టినవానికి కలుగు మేలులో ఎక్కువ భాగము ఈ రెండవ తిండి మానుటవలననే కలుగును. ఆ మాత్రమైనను చాల మేలు.

నిద్రనుండి వెనుకకు లెక్కించుట

గడియారములో ఒక అంకెను పట్టుకొనుట ఎందుకు చాలదో పైన చూచితిమి. దానికి బదులుగా నిద్రవేళనుండి వెనుకకు లెక్కించుట మేలు. పండుకొనుటకు రమారమి మూడు గంటల ముందు భోజనము ముగియవలెను. ఛాతీలో మంట, పులిత్రేనుపులు గలవారికి వైద్యులు చాలకాలమునుండి చెప్పుచున్న సలహా కూడ ఇదే. కడుపు నిండుగానుండగా పండుకొన్నచో ఆమ్లము పైకి ఎగదన్నును. పదింటికి పండుకొను ఉపాధ్యాయునికి హద్దు ఏడు గంటలు. కొట్టు కట్టి పండ్రెండింటికి పండుకొనువానికి తొమ్మిది. ఇద్దరిలో ఎవరును తప్పుచేయుటలేదు. ఆదివారము ఒక వేళ, సోమవారము ఒక వేళ కాకుండ, ఎంచుకొన్న వేళ వారమంతయు దాదాపు ఒకటిగా ఉండవలెను. తినిన పిమ్మట పదిహేను నిమిషములు వీథిలో నడచినను రక్తములోని చక్కెర పెరుగుదల తగ్గును. తాతల మాలలోనిదే ఇదియు ఒక పువ్వు.

జొహోర్ బారునుండి సింగపూరుకు పనికి పోవువారు చీకటితో లేచి, వంతెన దాటి, చీకటి పడిన పిదపనే తిరిగివచ్చుదురు. వారు తొమ్మిదిన్నరకు కంచము ముందు కూర్చొని పదిన్నరకు పండుకొనక తప్పదు. వీరికి ఏడు గంటల నియమము బోధించుట హాస్యము. వీరికి చేయదగినది భోజనపు బరువును జరుపుట. మధ్యాహ్నము కడుపునిండ తిని, సాయంకాలము ఆరింటికి పనిచోటనే కట్టుకొనిపోయినది కొంత తిని, ఇంటికి వచ్చిన పిమ్మట పప్పో, కూరగాయలో, గ్రుడ్డో కొద్ది అన్నముతో ముగించుట. రాత్రి పనిచేయువారి సంగతి ఇంకను కష్టము. రాత్రి పని చేయుచున్నట్లు మేలుకొలిపి ఉంచిన మనుష్యులపై జరిపి 2021లో ప్రకటించిన పరిశోధనలో, రాత్రి తినినవారి చక్కెర పెరిగెను; మేలుకొనియుండియు పగటివేళలలోనే తినినవారికి పెరుగలేదు. కర్మాగారపు అర్ధరాత్రి విరామమున నాసి లెమాక్ పొట్లము విప్పుటకంటె, పనికి పోకముందు తిని, పని ముగిసిన పిదప తెల్లవారి తినుట మేలని దీనివలన ఊహింపవచ్చును.

ఇండ్లలో తగవు వచ్చునది పిల్లలవద్ద. ట్యూషను ముగించుకొని పదునైదేండ్ల మనుమడు తొమ్మిదిన్నరకు వచ్చును. తండ్రి ఇటీవలనే బరువు తగ్గుటకు నియమము పట్టి, ఎనిమిదింటికి వంటిల్లు మూసినట్లు ప్రకటించియుండును.

"అమ్మమ్మా, ఏమైనా ఉందా?"

"ఉంది నాయనా, కాళ్లు కడుక్కుని రా. మీ నాన్న నియమం మీ నాన్నకే."

అమ్మమ్మ చెప్పినదే సరి. ఎదుగుచున్న పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చు తల్లులకు, ఆహారము సరిగా దిగక చిక్కిపోవుచున్న వృద్ధులకు పెద్దల గిరి వర్తింపదు. ఒకరి పథ్యము ఇంటికంతటికి చట్టము కారాదు. బాలుడు తినినంతసేపు ఎవరైన ఎదుట కూర్చున్నచో, తండ్రియైనను ఒక గ్లాసు మంచినీళ్లతో కూర్చున్నచో, మంచిది. అట్లని ఇల్లాలు అందరు వచ్చువరకు కాచుకొని పదింటికి చల్లారిన అన్నము తినుట పాతకాలపు అవ్వ కష్టమును మరల తెచ్చుకొనుటయే. ఆమెకును మధుమేహము రావచ్చును. ఆమెకును వేళ కావలెను. ఆలస్యముగా వచ్చువాని కంచము మూతపెట్టి ఉంచి, తాను ముందు తినవచ్చును. ఇందు అగౌరవమేమియు లేదు.

మందు తినువారు ముందుగా తెలిసికొనవలసినది

ఒక్క విషయమున మాత్రము సందేహమునకు తావులేదు. ఇన్సులిన్ పుచ్చుకొనువారు, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు మ్రింగువారు వైద్యుని అడుగకుండ రాత్రి భోజనము మానరాదు, చాల ముందుకు జరుపరాదు. ఆ మందులు అన్నము వచ్చునని నమ్మి పనిచేయును. అన్నము రానియెడల రక్తములోని చక్కెర ప్రమాదకరముగా పడిపోవును. నిద్రలో పడిపోయినచో పక్కనున్నవారికి తెలియదు. చెమట పట్టుట, చేతులు వణకుట, గుండె దడ, మాట తడబడుట, ఉన్నట్టుండి చిరాకు, ఇవి గుర్తులు. పరీక్ష యంత్రములో 4 కంటె తక్కువ చూపినచో, మనిషి మ్రింగగల స్థితిలో ఉన్నప్పుడు మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి త్రాగించి, పదిహేను నిమిషముల పిదప మరల పరీక్షింపవలెను. స్పృహ లేనివారి నోట ఏమియు పోయరాదు; వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. మెట్ఫార్మిన్ ఒక్కటే పుచ్చుకొనువారికి ఈ భయము చాల తక్కువ. తాము మ్రింగు మాత్ర పేరేమో తెలియనివారు మన పెద్దలలో అనేకులు కలరు; తెల్లది, పెద్దది అని చెప్పుదురు. ఆ పేరు ఒక కాగితముపై వ్రాసి సంచిలో పెట్టుట పిల్లల పని.

వ్రతమున్న దినములలోనే ఈ ప్రమాదము ఎక్కువ. ఉదయము అలవాటుగా మాత్ర మ్రింగి, శనివారము గనుక సాయంకాలమువరకు ఏమియు తినక ఉండు అవ్వలు కలరు. మందు మానినను తప్పు, అన్నము మానినను తప్పు అను సందిగ్ధములో వారుందురు. కళ్లు తిరిగినచో దేవుని పరీక్ష యనుకొని ఎవరికిని చెప్పరు. వారికి చెప్పదగిన మాట శాస్త్రములోనే కలదు. నీరు, కందమూలములు, పండ్లు, పాలు, ఔషధము మొదలైన ఎనిమిదింటివలన వ్రతభంగము కాదని పెద్దలు చెప్పిరి. మహాభారతమునందును ఈ మాట ఉన్నది. బాలురకు, వృద్ధులకు, రోగులకు ఉపవాస నియమమున సడలింపు ధర్మమే ఇచ్చినది. వైద్యుడు మాత్రతోపాటు ఏదైన తినుమన్నచో అది ఔషధములోని భాగమే యగును. ఒక అరటిపండు, ఒక గ్లాసు పాలు పుచ్చుకొని ఒక్క పొద్దు ఉన్న అవ్వ వ్రతము చెడదు. ఈ మాట వైద్యుడు చెప్పినదానికంటె గుడిలో పూజారి చెప్పినచో వారు త్వరగా విందురు. గుడి సంఘములవారు కార్తీకమాసము రాకముందే ఈ మాటను అర్చకులచేత చెప్పించుట మంచిది.

కార్తీక సోమవారములలో కౌలాలంపూరునందు ఏడింటికి పొద్దు గూకును. నక్షత్రము కనబడుసరికి ఏడుంబావు దాటి, మబ్బు పట్టినచో ఇంకను ఆలస్యమగును. ఆ మాసమున ఇచ్చట వాన మబ్బులే ఎక్కువ. నక్తమున్నవారు ఆకసమువైపు చూచుచు ఎనిమిదింటివరకు ఆగనక్కరలేదు. పగలంతయు కాలిన కడుపుతో అప్పుడు బూరెలు, పులిహోర, పరమాన్నము ఒక్కసారిగా తినుటయు తగదు. దీపము పెట్టి, ముందు పండో పాలో పుచ్చుకొని, హారతి అయిన పిమ్మట కొద్ది అన్నము, పప్పు, కూరతో ముగించువారు పది గంటలకు సుఖముగా నిద్రపోవుదురు. బూరెలు మరునాటి ఉదయమునకు పాడుకావు.